గ్రామ దస్త్రం: చదివే హక్కు, దిద్దుకునే హక్కు – కవిలె నుంచి కంప్యూటరు వరకు

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాల్లో గ్రామ పరిపాలన చరిత్ర చాలావరకు దస్త్రాల చరిత్రే. తాటాకు కవిలె, కాగితపు అడంగల్, కౌంటరులో ఇచ్చే ధ్రువపత్రం, ఫోను తెర మీద కనిపించే నకలు – ఇవన్నీ ఆ చరిత్రలోని దశలు. ఈ దశల్ని సాధారణంగా వేగం, పారదర్శకత అనే రెండు కొలతలతో అంచనా వేస్తారు. ఈ వ్యాసం వాటికి మరో కొలతను చేరుస్తుంది. దస్త్రంలో తన గురించి ఏం రాసి ఉందో పౌరుడు చదువుకోగలగడం ఒక హక్కు. అందులో తప్పు ఉంటే దిద్దించుకోగలగడం మరో హక్కు. మొదటిది దశదశకూ విస్తరించినంతగా రెండోది విస్తరించలేదనీ, కొన్ని సందర్భాల్లో పౌరుడికి మరింత దూరమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సాహిత్య విద్యార్థులకు పరిచితమైన పాఠపరిష్కరణ భావన ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుందని చూపుతుంది.

కీలక పదాలు: కవిలె, కరణం, జమాబందీ, ఈ-సేవ, మీ-సేవ, గ్రామ సచివాలయం, పాఠభేదం, దిద్దుబాటు

1. ప్రవేశిక

మా నాయనమ్మ పేరు ఊళ్లో అందరికీ అచ్చమ్మ. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం ‘అచ్చెమ్మ’ అని ఉంది. గుర్తింపు కార్డులో ‘అచ్చమ్మ’ అని ఉంది. నలభై ఏళ్లపాటు ఈ రెండు రూపాల మధ్య ఎవరికీ తేడా కనిపించలేదు. పలికేటప్పుడు ఒకరు అలా, ఒకరు ఇలా అంటారు, మనిషి ఒక్కరే. రెండు దస్త్రాలనూ కంప్యూటరులో ఒకదానితో ఒకటి సరిచూడడం మొదలయ్యాక ఆ ఎత్వం ఇద్దరు మనుషుల్ని సృష్టించింది. తనకూ తన పొలానికీ సంబంధం ఉందని రుజువు చేసుకోవడానికి డెబ్బై ఏళ్లు దాటిన మనిషి కార్యాలయాల చుట్టూ తిరగవలసివచ్చింది. తప్పు ఏమిటో తెరమీద అందరికీ కనిపిస్తూనే ఉంది. దాన్ని ఎవరు దిద్దాలన్నదే ఎవరికీ స్పష్టంగా లేదు.

ఈ అనుభవం నుంచి పుట్టిన ప్రశ్న ఈ వ్యాసానికి ఆధారం. స్థానిక పరిపాలనలో సాంకేతికత ప్రవేశాన్ని గురించిన చర్చ ఎక్కువగా 1990ల చివర మొదలై వర్తమానంతో ముగుస్తుంది. అయితే దస్త్రానికీ రైతుకూ మధ్య నిలిచిన సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే కరణం కవిలె దగ్గర నుంచి చూడాలి. ఇక్కడ ‘స్థానిక పరిపాలన’ అనే మాటను ఎన్నికైన పంచాయతీకే పరిమితం చేయలేదు. గ్రామస్థాయిలో పౌరుడికి ఎదురుపడే రెవెన్యూ, పంచాయతీ వ్యవస్థలు రెండింటినీ కలిపి గ్రహించాను. పల్లెలో మనిషికి ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఎదురవుతాయి.

2. కవిలె, కడితం, కరణం

గ్రామ లెక్కల్ని రాసి భద్రపరచే బాధ్యత కరణానిది. తాటాకుల మీద గంటంతో రాసిన లెక్కల కట్టే కవిలె. గంటంతో గీసిన అక్షరాన్ని చెరపడం కష్టం, ఆకునే మార్చాలి. దీనికి భిన్నమైనది కడితం. గుడ్డకు బొగ్గుపొడి ముద్ద పట్టించి, మడతలుగా చేసి, బలపంతో రాసుకునే సాధనం అది. దాని మీది రాతను తుడిచి మళ్లీ రాయవచ్చు. చెరగని రాత, చెరిగే రాత రెండూ ఒకే లెక్కల సంప్రదాయంలో ఉండేవన్న విషయం గమనార్హం. ఏది శాశ్వతం, ఏది తాత్కాలికం అన్న విచక్షణ రాత సాధనంలోనే ఇమిడి ఉండేది.

ఈ దస్త్రాల విలువను విస్తృతంగా గుర్తించిన తొలి ఐరోపా అధికారుల్లో కాలిన్ మెకంజీ (1754–1821) ముఖ్యుడు. కావలి వెంకట బొర్రయ్య, ఆయన మరణానంతరం తమ్ముడు లక్ష్మయ్య తదితరుల సాయంతో ఆయన సేకరింపజేసిన కైఫీయతులకు గ్రామ కరణాల దగ్గరి కవిలెలు ప్రధాన ఆధారం. ఊరు ఎలా పుట్టింది, ఏ దేవాలయానికి ఏ మాన్యం ఉంది, ఏ రాజు కాలంలో ఏ మార్పు జరిగింది అన్న వివరాలు వాటిలో ఉన్నాయి. అంటే కవిలె పన్నుల లెక్కగానే కాక, ఊరి చరిత్రగానూ పనిచేసింది.

అయితే ఆ చరిత్రను ఊరివాళ్లు చదవగలిగేవారు కారు. చదువు లేకపోవడం ఒక కారణం. కరణాలు రాసే గొలుసుకట్టు రాత మరో కారణం. అక్షరానికీ అక్షరానికీ మధ్య గంటాన్నీ కలాన్నీ ఎత్తకుండా రాసే ఆ రాతను అక్షరాస్యులు సైతం సులువుగా చదవలేరు. అందువల్ల కరణం లేఖకుడు మాత్రమే కాదు, ఆ పాఠానికి ఏకైక పాఠకుడు కూడా. సుమతీ శతకంలో కరణం పట్ల అపనమ్మకాన్ని వ్యక్తం చేసే పద్యాలు ఉండడానికి కారణం ఇక్కడే వెతకాలి. అక్కడ విమర్శకు గురైనది ఒక వ్యక్తి స్వభావమే కాదు. రాసేవాడూ చదివేవాడూ ఒకడే అయిన వ్యవస్థ. ఆధునిక కాలంలో దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవల నిజాం కాలపు తెలంగాణ పల్లెలో దేశముఖు, కరణం చెలాయించిన అధికారాన్ని చిత్రించింది. ఆ అధికారానికి దన్ను దస్త్రమే.

కాని మరో వైపు కూడా చూడాలి. చదవడం అసాధ్యమైన ఆ వ్యవస్థలో దిద్దించడం మాత్రం ఊళ్లోనే జరిగేది. కరణం ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉండేది. అతని దయాదాక్షిణ్యాల మీదో, ఇచ్చిన ముడుపు మీదో ఆధారపడినా, తప్పు ఎవరి దగ్గర ఉందో, ఎవరిని అడగాలో ఊరందరికీ తెలుసు. అచ్చమ్మ, అచ్చెమ్మ ఒకరేనని కరణానికి ఏ రుజువూ చూపనక్కర్లేదు. ఇది న్యాయమైన వ్యవస్థ అని ఈ వ్యాసం వాదించడం లేదు. అన్యాయానికి ఒక ముఖమూ ఒక చిరునామా ఉండేవని మాత్రమే చెబుతోంది.

3. జమాబందీ: ఏడాదికోసారి దిద్దుబాటు

రైత్వారీ విధానంలో ప్రభుత్వం ప్రతి రైతుతోనూ నేరుగా లెక్క చూసుకోవాలి. కాబట్టి గ్రామ లెక్కలు ఒక నిర్ణీత రూపానికి రావలసి వచ్చింది. అడంగల్, చిట్టా వంటి గ్రామ లెక్కలు అచ్చు గడులలోకి చేరాయి. తెలంగాణలో పహాణీ ఆ స్థానాన్ని ఆక్రమించింది. 1954–55 నాటి ఖాస్రా పహాణీని భూవివాదాల్లో నేటికీ కీలక ఆధారంగా చూపుతారు.

ఈ దస్త్రాల భాష మిశ్రమ భాష. ఫసలీ, పట్టా, జమాబందీ, పహాణీ వంటి మాటలు అరబ్బీ, పారశీక, మరాఠీ, ఉర్దూ పరిపాలనల అవశేషాలు. ఈ మిశ్రమ పదజాలం ఎంత విస్తృతమైనదంటే సి.పి. బ్రౌన్ 1854లో దానికోసం ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రచురించాడు. మరుసటి ఏడాది హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ పదాల కోశాన్ని వెలువరించాడు. అధికారులకు నిఘంటువులు దొరికాయి. రైతుకు మాత్రం ఏ నిఘంటువూ లేదు.

అయినా ఈ దశలో ఒక ముఖ్యమైన ఏర్పాటు రూపుదిద్దుకుంది. అది జమాబందీ. ఏడాదికి ఒకసారి పై అధికారి గ్రామ లెక్కల్ని తనిఖీ చేసి స్థిరపరుస్తాడు. ఆ సందర్భంలో రైతులు తమ అర్జీలు ఇచ్చుకోవచ్చు. ఆచరణలో అది ఎంత లాంఛనప్రాయంగా మారినా, ‘లెక్కలో తప్పు ఉండవచ్చు, దాన్ని విచారించడానికి ఒక రోజు ఉండాలి’ అన్న అంగీకారం ఆ ఏర్పాటులో ఉంది. కాగితపు లెక్కకు మరో గుణం కూడా ఉంది. తప్పు పడితే పాత రాతను గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, అధికారి పొడి సంతకం పెట్టాలి. కొట్టివేసిన రాత ఆ గీత కింద చదవడానికి వీలుగానే ఉంటుంది. ఏది మారిందో, ఎవరు మార్చారో ఆ పుటలోనే సాక్ష్యం మిగులుతుంది.

4. 1984: చేతులు మారిన దస్త్రం

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు, పటేల్, పట్వారీ వంటి గ్రామాధికార పదవుల్ని రద్దు చేసింది. ఆ ఆర్డినెన్సు చెల్లుబాటును సుప్రీంకోర్టు 1985లో సమర్థించింది. అదే ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉన్న గ్రామ దస్త్రం ప్రభుత్వోద్యోగి చేతికి వచ్చింది. సామాజికంగా ఇది పెద్ద మార్పు. కులంతో, వంశంతో ముడిపడిన అక్షరాధికారం చట్టం దృష్టిలో అంతమైంది.

దస్త్రం దృష్టితో చూస్తే దీనికి రెండు ఫలితాలున్నాయి. మొదటిది, దస్త్రం ఊరి ఇంటి నుంచి మండల కార్యాలయం వైపు ప్రయాణం మొదలుపెట్టింది. రెండోది, దస్త్రానికి తోడుగా ఉండే జ్ఞాపకం తెగిపోయింది. ఏ సర్వే నంబరులో ఏ గట్టు ఎప్పుడు జరిగింది, ఏ అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు, ఏ పేరుకు ఏ ముద్దుపేరు ఉంది అన్న విషయాలు కాగితం మీద ఉండవు. కరణం తలలో ఉండేవి. తర్వాతి కాలంలో గ్రామ సహాయకులు, గ్రామ పరిపాలనాధికారులు, పంచాయతీ కార్యదర్శులు, గ్రామ రెవెన్యూ అధికారులు – ఇలా పదవుల పేర్లు మారుతూ వచ్చాయి. బదిలీపై వచ్చే ఉద్యోగికి దస్త్రం ఒక్కటే ఆధారం. రాసి ఉన్నదే నిజం అన్న సూత్రం ఇక్కడ బలపడింది. కంప్యూటరు వచ్చేనాటికే ఆ సూత్రం సిద్ధంగా ఉంది.

5. కౌంటరు: కార్డ్ నుంచి మీ-సేవ వరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాన్యుడు నేరుగా ఎదుర్కొన్న తొలి పెద్ద కంప్యూటరీకరణ రిజిస్ట్రేషన్ శాఖలో జరిగింది. ‘కార్డ్’ అనే పేరుతో 1998లో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి దస్తావేజు నమోదునూ, ఆస్తిమీది భారాల ధ్రువపత్రం జారీనీ వేగవంతం చేసింది. పాత పుస్తకాలు తిరగేసి చేతితో నకలు రాసే పని తగ్గింది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో 1999లో ‘ట్విన్స్’ పేరుతో మొదలైన ప్రయోగం 2001 ఆగస్టులో ‘ఈ-సేవ’గా విస్తరించింది. కరెంటు బిల్లు ఒకచోట, నీటి బిల్లు మరోచోట, ఆస్తిపన్ను ఇంకోచోట కట్టే అవస్థ పోయి, ఏ కౌంటరులోనైనా ఏ పనైనా జరిగే పద్ధతి వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాలో స్వయంసహాయక సంఘాల మహిళలు గ్రామీణ ఈ-సేవ కేంద్రాల్ని నిర్వహించారు. గ్రామ దస్త్రం ముందు స్త్రీ అర్జీదారుగా నిలబడడమే అలవాటైన సమాజంలో, ఆమె కౌంటరుకు అవతలి వైపు కూర్చోవడం చిన్న మార్పు కాదు.

2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ దస్త్రానికీ డిజిటల్ సంతకానికీ చట్టబద్ధత కల్పించింది. ఆ పునాది మీద 2011లో ‘మీ-సేవ’ మొదలైంది. ఈ-సేవ ప్రధానంగా చెల్లింపుల కౌంటరు. మీ-సేవ ధ్రువపత్రాల కౌంటరు. అధికారి డిజిటల్ సంతకం చేసిన దస్త్రం కేంద్రీకృత భాండాగారంలో ఉంటుంది. కేంద్ర నిర్వాహకుడు దాన్ని ముద్రించి ఇస్తాడు. అధికారి గుమ్మం ముందు కాచుకోవలసిన అవసరం చాలా పనుల్లో తప్పింది. అర్జీకి సంఖ్య వచ్చింది, గడువు వచ్చింది. పౌరుడికి కలిగిన ఈ మేలును తక్కువచేసి చూడడం చరిత్రకు న్యాయం కాదు.

కాని కౌంటరులో కూర్చున్న వ్యక్తి స్వభావం గమనించాలి. అతడు దస్త్రాన్ని చూపగలడు, ముద్రించగలడు, అర్జీని పైకి పంపగలడు, దిద్దలేడు. కరణం రాసేవాడు, చదివేవాడు, దిద్దేవాడు. కౌంటరు నిర్వాహకుడు చదివి ఇచ్చేవాడు మాత్రమే. అధికార దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఈ విభజన అవసరమే. దాని ఫలితంగా దిద్దే చేయి పౌరుడి కంటికి కనిపించకుండా పోయింది.

6. లిపి సమస్య

తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా పరిశీలించవలసిన అంశం లిపి. తెలుగును రాష్ట్ర అధికార భాషగా ప్రకటించిన చట్టం 1966లో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. దస్త్రాన్ని ప్రజల భాషలోకి తేవడానికి జరిగిన ప్రయత్నాల్లో ఇవి మైలురాళ్లు. కంప్యూటరు వచ్చేసరికి ఆ ప్రయత్నానికి కొత్త ఆటంకం ఎదురైంది. తొలి దశలో ఒక్కో సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలకు ఒక్కో సంకేత పద్ధతిని వాడేది. ఒకదానిలో ఎక్కించిన తెలుగు మరోదానిలో అర్థంలేని గుర్తుల వరుసగా మారేది. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, దాని వాడకం కార్యాలయాల్లో స్థిరపడడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా పౌరుల పేర్లు పెద్దయెత్తున రోమన్ లిపిలోకి ఎక్కాయి. మామూలు రోమన్ రాతలో హ్రస్వదీర్ఘాల భేదం నిలవదు. రమ, రామ, రమా, రామా అన్నవి నాలుగూ ఒకే వరుస అక్షరాలుగా మారతాయి. ట, త, డ, ద, ల, ళ, న, ణ జంటల్లో తేడా పోతుంది. ‘పాట’నూ ‘పాత’నూ వేరుచేసి చూపడం సాధ్యం కాదు. అలా ఎక్కిన పేరును మళ్లీ తెలుగులోకి మార్చేటప్పుడు యంత్రమో, ఊరితో పరిచయం లేని ఉద్యోగో ఊహించి రాయాలి. తెలుగు నుంచి రోమన్‌కు, రోమన్ నుంచి తెలుగుకు వెళ్లివచ్చిన పేరు బయలుదేరిన పేరు కాకపోవచ్చు. దీనికి తోడు మన ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తు నమూనాల్లో మొదటి పేరు, చివరి పేరు అన్న గడులుంటాయి. ఒకే మనిషి ఒక దస్త్రంలో ఇంటిపేరుతోనూ మరోదానిలో పొడి అక్షరంతోనూ, ఇంకోదానిలో తారుమారైన వరుసలోనూ నమోదవుతాడు. స్త్రీల విషయంలో పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు అన్న చిక్కు అదనం.

పూర్వం ఈ భేదాల్ని మనిషి కన్ను సమన్వయం చేసేది. ఇప్పుడు దస్త్రాలను పరస్పరం సరిచూసేది యంత్రం. దానికి ‘అచ్చమ్మ’, ‘అచ్చెమ్మ’ వేర్వేరు అక్షరాల వరుసలు. ఉచ్చారణ భేదం, మాండలిక భేదం, లేఖక ప్రమాదం – ఈ మూడింటికీ సాహిత్య పరిశోధకులు వేర్వేరు పేర్లు పెట్టి వేర్వేరుగా పరిష్కరిస్తారు. యంత్రం మూడింటినీ ‘సరిపోలలేదు’ అన్న ఒక్క మాటతో తిరస్కరిస్తుంది.

7. తెర: సచివాలయం, ధరణి, మన మిత్ర

రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ వేర్వేరు దారుల్లో నడిచాయి. ఆంధ్రప్రదేశ్ 2015లో ‘మీ భూమి’ ద్వారా అడంగల్, 1-బి నకళ్లను ఎవరైనా చూసుకునే వీలు కల్పించింది. శతాబ్దాలపాటు కరణం పెట్టెలో ఉన్న లెక్క రైతు ఫోనులోకి వచ్చింది. అందులో నేటికీ ఫసలీ సంవత్సరమే కనిపిస్తుంది. మొగలుల కాలపు పంటల కాలమానం ఫోను తెర మీద కొనసాగడం పరిపాలనా భాష ఎంత నెమ్మదిగా మారుతుందో చెప్పే ఉదాహరణ. 2019 అక్టోబరు 2న అదే రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున ఏర్పాటైన వీటిలో డిజిటల్ అసిస్టెంటు అనే ఉద్యోగి ఉన్నాడు. మండలానికి వెళ్లిన కౌంటరు తిరిగి ఊరికి వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు మొదలయ్యాయి. తొలి విడతలో 161 సేవల్ని ప్రకటించారు.

తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అదే ఏడాది అక్టోబరు 29న ‘ధరణి’ ప్రారంభమైంది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషనూ హక్కు మార్పిడీ తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి పూర్తికావడం దాని ప్రధాన ప్రయోజనం. అయితే అదే ఏడాది వచ్చిన పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ అధికారుల ముందు ఉండే అప్పీళ్ల అంచెల్ని తొలగించింది. దిద్దుబాటు అధికారం ఎక్కువగా కలెక్టరు స్థాయిలో కేంద్రీకృతమైంది. పేరులో అక్షరం, విస్తీర్ణంలో గుంట తేడా వచ్చినా నిర్ణయం జిల్లా కేంద్రం నుంచి రావలసిన స్థితి ఏర్పడింది. 2024లో ఆ అధికారాల్లో కొన్నింటిని కింది స్థాయి అధికారులకు బదలాయించారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్ల అంచెల్ని పునరుద్ధరించింది. అదే ఏడాది గ్రామ పాలనాధికారుల నియామకం జరిగింది. 1984లో రద్దయి, రూపాలు మారుతూ వచ్చి, 2020లో మళ్లీ రద్దయిన గ్రామస్థాయి మనిషి ఐదేళ్లకే తిరిగి రావలసివచ్చింది.

ఈ పరిణామంలో ఏ ప్రభుత్వానిది ఒప్పు, ఏ ప్రభుత్వానిది తప్పు అన్నది ఈ వ్యాస పరిధిలోనిది కాదు. దస్త్రం చరిత్ర మాత్రం ఒక విషయం స్పష్టం చేస్తోంది. చదవడానికి మధ్యవర్తి అక్కర్లేకపోవచ్చు. దిద్దడానికి మాత్రం విచారించే మనిషి కావాలి. ఆ మనిషి పొలాన్నీ మనిషినీ చూడగలిగేంత దగ్గరలో ఉండాలి.

8. పాఠపరిష్కరణ దృష్టి

సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని కూర్చోబెట్టి ఒకే కావ్యానికి అనేక తాటాకు ప్రతుల్ని సేకరించి సరిపోల్చే పని చేయించాడు. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ప్రతుల పరిశీలనను శాస్త్రీయంగా సాగించారు. పాఠపరిష్కరణలో ప్రాథమిక సూత్రం ఒకటుంది. పరిష్కర్త ఒక పాఠాన్ని స్వీకరించవచ్చు, కాని విడిచిపెట్టిన పాఠాన్ని దాచకూడదు. పుట అడుగున పాఠభేదంగా చూపాలి. ఎందుకంటే రేపటి పాఠకుడు పరిష్కర్త నిర్ణయాన్ని ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నకు ఆధారం మిగిల్చడం పరిష్కర్త ధర్మం.

ఈ దృష్టితో చూస్తే ఫోను తెర మీద కనిపించే దస్త్రం పాఠభేదాలు లేని ముద్రణ. అక్కడ ఒకే పాఠం ఉంటుంది. అది నిన్న వేరుగా ఉందా, ఎవరి అర్జీపై మారింది, ఏ ఆధారంతో మారింది అన్నవి పౌరుడి చేతికొచ్చే నకలులో సాధారణంగా కనిపించవు. వ్యవస్థ లోపల మార్పుల జాడ నమోదై ఉన్నా, అది అధికారికి కనిపించేదే తప్ప పట్టాదారుకు కాదు. కాగితపు అడంగల్‌లో కొట్టివేత, పొడి సంతకం చేసిన పనిని తెర చేయడం లేదు. కవిలె చెరగని రాత, కడితం చెరిగే రాత. కంప్యూటరు దస్త్రం చూడడానికి కవిలెలా స్థిరంగా ఉంటుంది. స్వభావంలో కడితానికి దగ్గర.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. గ్రామ పంచాయతీ నిర్వహించే జనన మరణాల నమోదులోనే అది ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షను ప్రకారం, నమోదులో తప్పు ఉందని తేలితే రిజిస్ట్రారు అసలు రాతను మార్చకుండా, అంచున సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఇది అచ్చంగా పాఠపరిష్కరణ పద్ధతి. మూలం నిలుస్తుంది, సవరణ కనిపిస్తుంది, సవరించినవారు బాధ్యత వహిస్తారు. 2023లో ఈ చట్టానికి చేసిన సవరణ తర్వాత జనన ధ్రువపత్రం ప్రాముఖ్యం ఎంతో పెరిగింది. బడిలో చేరిక, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు వంటి వాటికి అది ఆధారమైంది. ఒక నమోదు మీద ఇన్ని హక్కులు ఆధారపడినప్పుడు అందులోని ఒక గుణింతం తప్పు ఇన్ని హక్కుల్నీ తాకుతుంది. కాబట్టి అంచున రాసే ఆ చిన్న సవరణ స్థానం తెర మీద కూడా ఉండాలి.

9. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాల్ని ఇలా క్రోడీకరించవచ్చు. కరణం కాలంలో దస్త్రం దగ్గరగా ఉన్నా చదవడానికి అందలేదు. దిద్దుబాటు ఊళ్లోనే ఉన్నా న్యాయంగా అందలేదు. జమాబందీ ఏడాదికోసారైనా దిద్దుబాటుకు ఒక బహిరంగ సందర్భాన్ని కల్పించింది. 1984 సంస్కరణ దస్త్రాన్ని వంశాధికారం నుంచి విడిపించింది. దానితోపాటు ఊరి జ్ఞాపకం నుంచీ విడదీసింది. కౌంటరు, తెర దశల్లో చదివే హక్కు మునుపెన్నడూ లేనంతగా విస్తరించింది. దిద్దుకునే హక్కు మాత్రం అంచెలు, అధికార కేంద్రీకరణ, లిపి మార్పిడి కారణంగా ఆ వేగాన్ని అందుకోలేకపోయింది.

ఇందుకు మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, పౌరుడికిచ్చే ప్రతి నకలులోనూ చివరి మార్పు తేదీ, మార్పుకు ముందున్న పాఠం, మార్చిన అధికారి హోదా కనిపించాలి. రెండు, పేర్లకు తెలుగు లిపిలోని రూపాన్నే మూలంగా స్వీకరించి, రోమన్ రూపాన్ని దాని ప్రతిగా పరిగణించాలి. ఉచ్చారణ భేదాల్ని గుర్తించే పద్ధతిని రూపొందించడంలో భాషాశాస్త్ర, సాహిత్య విభాగాలు పాలుపంచుకోవాలి. మూడు, అక్షర దోషాల వంటి చిన్న సవరణలకు గ్రామస్థాయిలోనే, జమాబందీ తరహాలో, నిర్ణీత రోజున బహిరంగ విచారణ ఉండాలి. గ్రామసభకు చట్టబద్ధమైన స్థానం ఉన్న ఈ కాలంలో అందుకు వేదిక కొత్తగా వెతకనవసరం లేదు. ఊరందరి ముందు అచ్చమ్మ, అచ్చెమ్మ ఒకరేనని చెప్పడానికి పది మంది లేస్తారు. ఆ పది మంది మాటను దస్త్రంలోకి చేర్చే దారి ఇంకా తెరుచుకోవలసి ఉంది.

మా నాయనమ్మ పాసుపుస్తకంలోని ఎత్వం చివరికి తొలగింది. కొత్త పుస్తకంలో ‘అచ్చమ్మ’ అనే ఉంది. పాత పేరు ఉండేదన్న జాడ అందులో ఎక్కడా లేదు. రేపు ఎవరైనా పాత దస్తావేజు తీసి ఈ అచ్చెమ్మ ఎవరని అడిగితే జవాబు చెప్పడానికి కాగితం సరిపోదు. ఆమెను ఎరిగినవాళ్లెవరో ఒకరు ఊళ్లో ఉండాలి.